కొండ మీది దేవుళ్ళు, పొయ్యి వెనక తాత

980లో కీవ్ సింహాసనం చేజిక్కించుకున్న వ్లాదిమిర్ రాజు తన కోట వెలుపలి కొండ మీద ఆరు విగ్రహాలు నిలబెట్టాడు. మొదటివాడు ఉరుముల దేవుడు పెరూన్. విగ్రహం కొయ్యది, తల వెండిది, మీసం బంగారంది. ఆ తర్వాత ఖోర్స్, దాజ్‌బోగ్, స్ట్రిబోగ్, సిమార్గ్ల్, చివరగా ఒక్కగానొక్క స్త్రీ దేవత మోకోష్. ఈ సంగతి చెప్పేది 1113 ప్రాంతంలో కీవ్ మఠాల్లో కూర్చిన వృత్తాంత గ్రంథం. రాసినవాళ్ళు క్రైస్తవ సన్యాసులు. విగ్రహాలు కూలి అప్పటికే నూరేళ్ళు దాటింది. స్లావిక్ దేవతలతో అల్లిన ఫాంటసీ గేములు, బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడేవైనా కంప్యూటర్‌లో ఆడేవైనా, తమ దేవతల పట్టికను చాలావరకు ఆ గ్రంథంలోని ఈ ఒక్క చోటు నుంచే తెచ్చుకుంటాయి.

ఎనిమిదేళ్ళకే ఆ కొండ ఖాళీ అయింది. 988లో వ్లాదిమిర్ బైజాంటియం నుంచి క్రైస్తవం స్వీకరించి, పెరూన్‌ను గుర్రం తోకకు కట్టి కిందికి ఈడ్పించాడు. దారి పొడవునా పన్నెండుమంది విగ్రహాన్ని కర్రలతో బాదారు. కొయ్యకు నొప్పి తెలుస్తుందని కాదు, ఆ రూపంలో జనాన్ని మోసగించిన దయ్యానికి అవమానం జరగాలని అలా చేయించాడని వృత్తాంతకారుడు వివరణ ఇస్తాడు. ద్నీపర్ నదిలోకి పడేయడానికి విగ్రహాన్ని లాక్కుపోతుంటే, ఇంకా బాప్తిస్మం పొందని జనం ఏడ్చారని కూడా ఆయనే రాశాడు. పెరూన్ అనేవాడే లేడని ఆ సన్యాసి అనలేదు, దయ్యమన్నాడు. అంటే పాత దేవుడు అబద్ధం కాలేదు. హోదా మాత్రం పోగొట్టుకున్నాడు.

ఒక మతం గురించిన సాక్ష్యమంతా దాన్ని కూల్చినవాళ్ళ చేతిరాతే అయినప్పుడు, ఆ మతంలో ఏది బతికింది, ఎక్కడ బతికింది? గేములు తయారుచేసేవాళ్ళు తెలిసో తెలియకో ఈ ప్రశ్నకు ఏదో ఒక జవాబు చెబుతూనే ఉంటారు. ఎక్కువమంది రాజు నిలబెట్టిన దేవుళ్ళ దగ్గరికి వెళతారు. నిజానికి బతికి బట్టకట్టింది ఆ దేవుళ్ళు కాదు, ఇంట్లో, అడవిలో, నీటిలో కంటికి కనిపించకుండా ఉండేవాళ్ళతో మనిషి పాటించవలసిన మర్యాద. దాన్ని పట్టుకున్న గేములు కొద్దే అయినా, స్లావుల మతం గురించి అవి చెప్పే సత్యం పెద్దది.

ముందుగా దేవుళ్ళ సంగతి. 907, 945, 971లలో కీవ్ పాలకులైన రుస్ రాజులు బైజాంటియంతో కుదుర్చుకున్న ఒప్పందాల్లో పెరూన్ మీద ప్రమాణం చేశారు. 907, 971 ఒప్పందాల్లో పెరూన్ సరసన పశువుల దేవుడు వోలోస్ కూడా ఉన్నాడు. ఇతన్నే వేలెస్ అంటారు. కీవ్ కొండ మీది జాబితాలో మాత్రం ఇతని పేరు లేదు. 1185లో సంచార జాతి పోలొవ్‌త్సీల మీద దండెత్తి ఓడిపోయిన ఈగర్ రాజు గురించిన కావ్యంలో బొయాన్ అనే గాయకుడు వేలెస్ మనవడు, గాలులు స్ట్రిబోగ్ మనవలు. ఆ కావ్యానికి దొరికిన ఒకే ఒక పాత ప్రతి 1812లో మాస్కో తగలబడినప్పుడు బూడిదైపోయింది. దరిదాపుగా ఇంతే. సృష్టి కథ లేదు, స్తోత్రం లేదు, ఎవరు ఎవరికి భార్యో, ఎవరు ఎవరిని చంపారో చెప్పే పురాణం లేదు. ఐస్‌లాండ్‌లో 13వ శతాబ్దంలో స్నోరి స్టుర్లుసన్ తన పూర్వుల దేవతల కథలు కూర్చి పెట్టాడు కాబట్టి ఓడిన్, థోర్ ఇప్పటికీ కథలున్న దేవుళ్ళు. రుస్‌లో అలాంటి స్నోరి పుట్టలేదు.

ఈ లోటు పూడ్చడానికి పండితులు ప్రయత్నించారు. 1974లో మాస్కో పండితులు వ్యచెస్లావ్ ఇవానొవ్, వ్లాదిమిర్ తొపొరొవ్ ఒక మూలగాథను ప్రతిపాదించారు. పైనుండే ఉరుముల దేవుడికీ, కింద నీళ్ళ దగ్గర, చెట్టు మొదట్లో ఉండే సర్పరూపుడికీ జరిగే పోరు అది. లిథువేనియా దేవుడు పెర్కూనస్‌నూ, వేదంలోని ఇంద్ర వృత్రుల కథనూ పక్కపక్కన పెట్టి చూసి, పెరూన్, వేలెస్ ఆ ఇద్దరి స్థానంలో ఉండేవాళ్ళని వాదించారు. ఎంతో శ్రమతో కట్టిన, అందమైన ఊహ అది. అయినా ఊహే. పెరూన్‌కూ వేలెస్‌కూ వైరం ఉందని మధ్యయుగపు రాత ఏదీ చెప్పదు. ఒప్పందాల్లో ఇద్దరూ ఒకే ప్రమాణంలో పక్కపక్కనే నిలబడ్డారు. ఈనాటి గేముల్లో ఆ ఇద్దరూ ఆజన్మ శత్రువులుగా కనిపిస్తున్నారంటే, 1974 నాటి ఆ ఊహ పురాణంగా మారిపోయిందన్నమాట.

చెర్నోబోగ్ కథ ఇంకా విచిత్రమైనది. 1170 ప్రాంతంలో ఉత్తర జర్మనీలోని బోసావ్‌లో హెల్మోల్డ్ అనే మతాధికారి తన చుట్టుపక్కల స్లావుల గురించి లాటిన్‌లో ఒక చరిత్ర రాశాడు. విందుల్లో వాళ్ళు ఒక పాత్రను చేతులు మార్చుకుంటూ మంచి దేవుడి పేరునా చెడ్డ దేవుడి పేరునా మాటలు పలుకుతారని, చెడ్డవాణ్ణి నల్ల దేవుడంటారని అందులో ఉంది. చెర్నోబోగ్ గురించిన మధ్యయుగపు సాక్ష్యమంతా ఆ నాలుగు ముక్కలే. అదీ కీవ్‌కు ఎంతో దూరాన, బాల్టిక్ తీరపు స్లావుల గురించి. 1940లో డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ చిత్రంలో ముసోర్గ్‌స్కీ సంగీతానికి కొండ శిఖరం మీద రెక్కలు విప్పే ఒక పెను రాక్షసుణ్ణి గీసి ఆ పేరు పెట్టింది. 2018లో ‘స్మైట్’ అనే ఆన్‌లైన్ గేమ్‌లో అతను దేవుడి హోదాలో యుద్ధానికి దిగాడు. విందులో చేతులు మారిన ఆ పాత్ర, చుట్టూ కూర్చున్న జనం, మేలుకూ కీడుకూ ఒకే పాత్రలో చోటిచ్చిన ఆ తీరు మాత్రం ఎక్కడా మిగల్లేదు. హెల్మోల్డ్ కళ్ళకు కట్టించినది ఒక ఆచారాన్ని. గేమ్ అందులోంచి ఒక పాత్రధారిని మాత్రమే తీసుకుంది.

‘వేలెస్ పుస్తకం’ సంగతి దీనికంటే తీవ్రమైనది. 1950లలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రవాస రష్యన్ల పత్రికలో వెలుగు చూసిన ఈ గ్రంథం ప్రాచీన చెక్కపలకల మీది రాత అని, ఆ పలకలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో పోయాయని చెప్పారు. దాని భాషను పరిశీలించిన భాషావేత్తలు అది నకిలీ అని తేల్చారు. అయినా ప్రవ్, యవ్, నవ్ అనే మూడు లోకాల సిద్ధాంతం అందులోంచే పుట్టి, ఈనాటి నవ్య అన్యమతస్థుల నమ్మకాల్లోకీ గేముల పటాల్లోకీ చేరింది. ‘నవ్’ అనే మాట మాత్రం కల్పితం కాదు. 1092లో పోలొత్స్క్ పట్టణంలో రాత్రివేళ వీధిలో గుర్రాల చప్పుడు వినిపించేదని, ఏమిటా అని బయటికి వచ్చినవాళ్ళు కనిపించని దెబ్బ తగిలి చచ్చిపోయేవాళ్ళని, పగలు గుర్రాల డెక్కలు మాత్రమే కనిపించేవని కీవ్ వృత్తాంతం చెబుతుంది. చచ్చినవాళ్ళు పోలొత్స్క్ వాళ్ళను చంపుతున్నారని జనం అనుకున్నారట. ఆ చచ్చినవాళ్ళకు వాడిన పేరే అది. నకిలీ గ్రంథం దాన్ని నున్నగా చెక్కి ఒక లోకం పేరుగా మార్చింది. అసలు వృత్తాంతంలో అది తలుపు తీయాలా వద్దా అన్న భయం.

ఇలా జరగడానికి కారణం గేముల నిర్మాణంలోనే ఉంది. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కాలం నుంచి ఈ ఆటలు మతాన్ని ఒక పట్టికగా అమర్చుకోవడం నేర్చుకున్నాయి. దేవుడి పేరు, అతని అధికార పరిధి, అతని పూజారికి వచ్చే శక్తులు. గ్రీకు, నార్స్ పురాణాలు ఆ గడుల్లో కొంతవరకైనా ఇముడుతాయి. స్లావిక్ గడులు సగానికి పైగా ఖాళీ కాబట్టి, ఎవరో ఒకరు కల్పనతో నింపక తప్పదు. కల్పన తప్పు కాదు. కానీ ఖాళీగా ఉన్న చోటును నింపే తొందరలో, నిండుగా ఉన్న చోటు కంటికి ఆనకుండా పోతుంది.

ఆ నిండుగా ఉన్న చోటు ఊరి ఇల్లు. రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ పల్లెల్లో 19వ శతాబ్దంలో జానపద విజ్ఞానులు అడుగుపెట్టేసరికి పెరూన్ పేరు చెప్పి పూజించేవాళ్ళు లేరు. దొమొవోయ్ లేని ఇల్లూ లేదు. పొయ్యి వెనకనో పొయ్యి కిందనో ఉండే ఇంటి పెద్ద అతను. పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు కాబట్టి తాత అనో యజమాని అనో అనేవాళ్ళు. కొత్త ఇంటికి మారేటప్పుడు అతన్ని వదిలేసి వెళ్ళకూడదు. ఇంట్లో అందరికంటే పెద్దావిడ పాత పొయ్యిలోని నిప్పులు కుండలోకి ఎత్తుకుని, తాతా, మాతో పాటు రమ్మని పిలిచి, కొత్త పొయ్యిలో ఆ నిప్పులు పోసేది. కొన్ని ఊళ్ళలో నార చెప్పును కట్టి ఈడ్చుకుపోయేవాళ్ళు. అతను అందులో కూర్చుని వస్తాడని నమ్మకం. పిలవకుండా వచ్చేస్తే పాత ఇంట్లో అతని ఏడుపు వినిపిస్తుంది, కొత్త ఇంట్లో పశువులు నిలవవు. గుర్రం జూలు జడలల్లి ఉంటే ఆ గుర్రం అతనికి నచ్చిందన్నమాట.

గడప దాటితే ఇదే మర్యాద వేరే రూపాల్లో కనిపిస్తుంది. స్నానాల గదిలో బాన్నిక్ ఉంటాడు. అందరి స్నానాలు అయ్యాక చివరి వంతు అతనిది. ఆ వేళకు అక్కడికి వెళ్ళినవాణ్ణి ఆవిరిలో ఉక్కిరిబిక్కిరి చేసి చంపుతాడు. అడవి లేషీది. దారి తప్పించాడని తెలిస్తే బట్టలు తిరగేసి తొడుక్కోవాలి, చెప్పులు ఎడమది కుడికి మార్చుకోవాలి. మిట్టమధ్యాహ్నం చేలో పని చేయకూడదు. ఆ వేళ పొలూద్నిత్స అనే తెల్లబట్టల స్త్రీది. నీళ్ళు వొద్యనోయ్‌వి. ప్రతి చోటుకూ ఒక యజమాని, ప్రతి యజమానికీ ఒక వేళ, ఆ వేళలో మనిషి పక్కకు తప్పుకోవాలి.

ఇక్కడ విశ్వాసం అన్న మాటకు అర్థం మారిపోతుంది. దొమొవోయ్ ఉన్నాడని ఒప్పుకుంటూ ఎవరూ ప్రకటన చేయలేదు. అతని గురించి సిద్ధాంతం లేదు, అతన్ని నమ్మితే మోక్షం రాదు, నమ్మకపోతే నరకం రాదు. అతనితో సరిగ్గా మెలగడం ఒక్కటే ఉంది. ఇలాంటి మతాన్ని ఏ రాజూ గుర్రం తోకకు కట్టి ఈడ్వలేడు. విగ్రహం ఉంటే కదా కూల్చడానికి? అందుకే వ్లాదిమిర్ బాప్తిస్మం తొమ్మిది శతాబ్దాలు గడిచినా పొయ్యి దాకా రాలేదు. లేదా వచ్చింది, వచ్చి దొమొవోయ్ పక్కనే సర్దుకుని కూర్చుంది. ఇంటి మూలలో పునీతుల పటం, పొయ్యి వెనక తాత. ఒకరికొకరు అడ్డు రాలేదు.

చచ్చిపోయినవాళ్ళ విషయంలో ఈ మర్యాద బాధగా మారుతుంది. 1916లో ద్మీత్రీ జెలేనిన్ రుసాల్కలనే ప్రేతాల మీద ఒక పెద్ద పరిశోధన ప్రచురించాడు. మునిగిపోయినవాళ్ళు, ఉరేసుకున్నవాళ్ళు, బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసివాళ్ళు తమకు రాసిపెట్టిన ఆయుష్షు తీరేదాకా భూమికీ పరలోకానికీ మధ్య చిక్కుకుపోతారని, రుసాల్కలు అలాంటివాళ్ళేనని అందులో చూపించాడు. వాళ్ళను మామూలు శ్మశానంలో పాతిపెడితే నేల కోపించి వాన కురవదని జనం భయం. ఈ భయం ఎంత పాతదో 13వ శతాబ్దంలో వ్లాదిమిర్ నగరానికి బిషప్‌గా ఉన్న సెరపియోన్ ప్రసంగం వల్ల తెలుస్తుంది. కరువు వస్తే మునిగి చచ్చినవాళ్ళ శవాలను తవ్వి బయట పారేస్తున్న తన జనాన్ని ఆయన కోప్పడ్డాడు. కరువుకు కారణం శవం కాదు, మీ పాపం అన్నది ఆయన వాదన. రెండు వైపులా ఒక విషయంలో ఏకాభిప్రాయం ఉంది: కరువు ఊరకే రాదు, ఎక్కడో ఒక సంబంధం చెడిపోయింది. ఎవరితో చెడిపోయిందన్న దగ్గరే పేచీ.

2015లో పోలండ్ సంస్థ సీడీ ప్రొజెక్ట్ రెడ్ విడుదల చేసిన ‘ద విచర్ 3’లో ఈ విషాదం చాలా లోతుగా పలికిన ఘట్టం ఒకటి ఉంది. ఆంద్జేయ్ సప్కోవ్‌స్కీ 1986 నుంచి రాసిన కథల ఆధారంగా వచ్చిన ఈ గేములో కథానాయకుడు గెరాల్ట్ డబ్బుకు రాక్షసులను చంపేవాడు. ఒక జమీందారు తాగిన మత్తులో భార్యను కొడతాడు, ఆమెకు గర్భం పోతుంది. పేరు పెట్టకుండా, కర్మకాండ లేకుండా పాతిపెట్టిన ఆ పిండం రాత్రిపూట తిరిగే వికృతజీవిగా మారుతుంది. గేమ్ రెండు దారులు చూపిస్తుంది. కత్తి దూసి చంపవచ్చు. లేదా తండ్రి ఆ జీవిని చేతుల్లోకి ఎత్తుకుని ఇంటిదాకా మోసుకురావాలి, దానికి పేరు పెట్టాలి, తన బిడ్డేనని ఒప్పుకోవాలి, గడప కింద పాతిపెట్టాలి. అలా చేస్తే అది ఇంటిని కాచే జీవిగా మారుతుంది. దారిలో ఆ జీవి కలవరపడి ఎదురు తిరిగినప్పుడల్లా గెరాల్ట్ మంత్రసంజ్ఞతో శాంతపరుస్తూ పోవాలి. జెలేనిన్ తన పరిశోధనలో చెప్పింది ఇక్కడ ఒక తండ్రి నడకలో కనిపిస్తుంది. భయం పుట్టించింది ఆ పసిప్రాణపు దుష్టత్వం కాదు, బతికున్నవాళ్ళు తీర్చకుండా వదిలేసిన బాకీ.

అదే గేములో ఫేర్లండ్ అనే ఊరి కథ కూడా ఈ కోవలోనిదే. అడవి యజమానితో పాత ఒప్పందం నిలబెట్టుకోవాలని పెద్దలు, దాన్ని చంపించి అడవిని స్వాధీనం చేసుకోవాలని కుర్రాళ్ళు పట్టుబడతారు. ఏ దారి పట్టినా రక్తం చిందుతుంది. అయితే ఇక్కడ గేమ్ ఒక మెట్టు దిగింది. లేషీని కొమ్ములూ పుర్రె ముఖమూ ఉన్న భీకరాకారంగా మలిచింది. జానపదుల లేషీ అలా ఉండడు. అడవిలో చెట్టంత ఎత్తు, గడ్డిలో గడ్డిపోచంత. తన కుందేళ్ళను జూదంలో పక్క అడవి లేషీకి పోగొట్టుకుంటాడు. పొరుగువాడిలా కోపిష్టి, పొరుగువాడిలా మాటకు లొంగేవాడు. చంపదగిన ఆకారం ఇచ్చేశాక అతనితో బేరమాడవచ్చన్న సంగతి సగం మరుగున పడుతుంది.

ఇక క్రైస్తవం. స్లావిక్ సామగ్రితో పనిచేసే చాలా గేములు దీన్ని పైపూతగా భావించి గీకేయాలని చూస్తాయి. గీకితే కింద ఏమీ మిగలదు. అలెక్సాందర్ అఫనాస్యెవ్ 1855 నుంచి 1863 దాకా అచ్చువేసిన జానపద కథల్లో వసిలీస కథ ప్రసిద్ధం. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో తెచ్చిన రష్యన్ కథల పుస్తకాలు చదివి పెరిగినవాళ్ళకు కోడికాళ్ళ మీద నిలబడే గుడిసె, ఎముకల కంచె, కంచె మీద కళ్ళు మెరిసే పుర్రెలు కొత్త కాదు. ఆ గుడిసె ముసలిది బాబా యగా చచ్చినవాళ్ళ లోకానికి కావలి అని, నాయకుడు ఆమె దగ్గరికి వెళ్ళడం పూర్వకాలపు దీక్షావిధికి జ్ఞాపకమని వ్లాదిమిర్ ప్రొప్ప్ 1946లో వాదించాడు. వసిలీసను కాపాడేది ఒక బొమ్మ. చనిపోతూ తల్లి ఇచ్చిన ఆ బొమ్మకు పిల్ల ముందు అన్నం పెట్టి, తర్వాత కష్టం చెప్పుకోవాలి. చివరికి బాబా యగా ఆమెను ఎందుకు వదిలేస్తుంది? ఇంత పని ఎలా చేయగలిగావని అడిగితే, తల్లి ఆశీర్వాదంతో అంటుంది వసిలీస. ఆశీర్వాదం ఉన్నవాళ్ళు నా ఇంట్లో ఉండకూడదని ముసలిది ఆమెను బయటికి నెట్టి, నిప్పు నిండిన పుర్రెను చేతికిస్తుంది. బొమ్మకు పెట్టిన అన్నాన్నీ తల్లి ఆశీర్వాదాన్నీ ఒక మతం, ఇంకో మతం అని విడదీస్తే కథే చచ్చిపోతుంది.

నొవ్‌గొరోద్ గాయకుడు సద్కో పాటకథలోనూ అంతే. సముద్రరాజు కొలువులో సద్కో గూస్లీ అనే తీగవాయిద్యం వాయిస్తుంటే రాజు చిందులు తొక్కుతాడు. ఆ చిందులకు పైన ఓడలు మునిగిపోతుంటాయి. అప్పుడు పునీత నికోలస్ ముసలివాడి రూపంలో సముద్రగర్భంలోకి వచ్చి, గూస్లీ తీగలు తెంపెయ్యమని సలహా ఇస్తాడు. సముద్రరాజు లేడని నికోలస్ అనడు. అతన్ని చంపడు. వాయిద్యం ఆపే ఉపాయం చెబుతాడు, అంతే.

ఇలాంటివి చూసి 19వ శతాబ్దపు పండితులు దీనికి జంటవిశ్వాసం అని పేరు పెట్టారు. పైన క్రైస్తవం, లోపల అన్యమతం అని అర్థం. సోవియట్ పురావస్తువేత్త బొరీస్ రిబకోవ్ 1981లోనూ 1987లోనూ వెలువరించిన రెండు పెద్ద గ్రంథాలతో ఈ ఆలోచన జనంలోకి బలంగా వెళ్ళింది. గేముల వెనకున్న ఊహాచిత్రం కూడా చాలావరకు ఆయనదే. తర్వాతి చరిత్రకారులు దీన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడమే సరైనది. 1821లో చెర్నీహివ్ దగ్గర దొరికిన 11వ శతాబ్దపు బంగారు పతకం ఇందుకు మంచి నిదర్శనం. ఒక వైపు దేవదూత మైకేల్, ఇంకో వైపు తల చుట్టూ పాములు మొలిచిన ముఖం. పాము వైపు స్లావుల అన్యమతం అనుకోవడం తేలిక. కానీ పాములతో కూడిన ఈ రక్షారేకుల వాడుక బైజాంటియం నుంచే, క్రైస్తవంతో పాటే వచ్చింది. పతకం వేసుకున్న రాకుమారుడికి రెండు మతాలు లేవు. రోగం, శత్రువు, కాపాడే శక్తి అన్నీ కలిసి ఉన్న ఒకే లోకం ఉంది.

ఘర్షణ లేదని కాదు. వృత్తాంతంలో 1071 కింద రాసిన ఒక సంఘటన ఏ గేమ్ రచయితకైనా నేరుగా అందివచ్చిన దృశ్యం. నొవ్‌గొరోద్‌లో ఒక మాంత్రికుడు తనకు అంతా తెలుసని, నది మీద నడుస్తానని చెప్పి ఊరిని తన వైపు తిప్పుకున్నాడు. బిషప్ సిలువ పట్టుకుని నిలబడి, క్రీస్తును నమ్మేవాళ్ళు ఇటు రమ్మంటే గ్లెబ్ రాజు, అతని భటులు మాత్రమే వచ్చారు. జనమంతా మాంత్రికుడి వెనక నిలబడ్డారు. గ్లెబ్ అంగీ కింద గొడ్డలి దాచుకుని అతని దగ్గరికి వెళ్ళి, రేపు ఏం జరుగుతుందో తెలుసా అని అడిగాడు. అంతా తెలుసన్నాడు. ఇవాళ ఏం జరుగుతుంది? గొప్ప అద్భుతాలు చేస్తానన్నాడు. గ్లెబ్ గొడ్డలి తీసి నరికేశాడు. జనం చెదిరిపోయారు. దీన్ని చర్చి విజయంగా రాసినవాడు కూడా ఒక విషయం దాచలేదు: ఆ రోజు తీర్పు చెప్పింది దైవం కాదు, గొడ్డలి.

ఈ చరిత్రను ఆటగా మలిచిన ప్రయత్నాల్లో రష్యా వ్యవహారాలు అధ్యయనం చేసే చరిత్రకారుడు మార్క్ గలియోట్టీ 2006లో ప్రచురించిన ‘మిథిక్ రష్యా’ ప్రత్యేకమైనది. పాచికలతో ఆడే ఈ ఆటకు మంగోలు ఏలుబడి కింద ఉన్న 14వ శతాబ్దపు రుస్ నేపథ్యం. ఆయన తీసుకున్న నియమావళి ‘హీరోక్వెస్ట్’ది. అందులో కత్తిసాముకు ఎలా ఒక అంకె ఉంటుందో, కుటుంబంతో, ఊరితో, కొలిచే దైవంతో ఉన్న సంబంధానికీ అలాగే ఒక అంకె ఉంటుంది. ఆపదలో ఆ సంబంధమే ఆదుకుంటుంది. దొమొవోయ్ లోకానికి ఇంతకంటే నప్పే నియమం దొరకడం కష్టం. పాత్రధారి బలం అతని ఒంట్లో లేదు, అతను నిలబెట్టుకున్న బంధాల్లో ఉంది.

ఇదే దారిలో ఇంకా ముందుకు పోయింది 2021లో పెర్మ్ నగరపు మొర్తెష్క స్టూడియో చేసిన ‘బ్లాక్ బుక్’. 19వ శతాబ్దపు చెర్దీన్ ప్రాంతం నేపథ్యం. చనిపోయిన తన వరుణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికి వసిలీస అనే పిల్ల మంత్రగత్తె అవుతుంది. ఊళ్ళో పశువు తప్పిపోయినా, ఒంట్లో బాగాలేకపోయినా జనం ఆమె గడప తొక్కుతారు. ఆమె అధీనంలో దయ్యాలుంటాయి. వాటికి ఎప్పుడూ పని చెప్పాలి. పని చెప్పకపోతే అవి ఆమెనే పీడిస్తాయి. చెబితే ఎవరికో ఒకరికి కీడు జరుగుతుంది, ఆ పాపం ఆమె లెక్కలో పడుతుంది. ఇది రచయితల కల్పన కాదు. తమ దయ్యాలకు తీరని పని పెట్టడానికి ఇసుకతో తాళ్ళు పేనమనీ అడవిలో ఆకులు లెక్కపెట్టమనీ పంపే మాంత్రికుల కథలు ఉత్తర రష్యాలో నిజంగా ఉన్నాయి. శక్తి అంటే బాధ్యత నెత్తిన పడటమేనని ఈ గేమ్ ఆడేవాళ్ళు తామే తెలుసుకునేలా చేస్తుంది.

నమ్మకం లేనివాడు ఆడితే అది మతం గురించిన అవగాహన ఎలా అవుతుందన్న సందేహం రావచ్చు. డచ్ చరిత్రకారుడు యోహాన్ హూయిజింగా 1938లో ఆటకూ పూజకూ ఉన్న చుట్టరికం గురించి రాశాడు. గిరి గీసిన చోటు, వేరుచేసిన వేళ, లోపల మాత్రమే చెల్లే నియమాలు రెండింటికీ ఉన్నాయన్నాడు. స్లావుల ఇంటి మతానికి ఇది ఇంకా దగ్గరగా వస్తుంది. అది మనిషిని నమ్మమని అడగలేదు, సరిగ్గా నడుచుకోమని అడిగింది. గేమ్ అడిగేదీ అదే. అయితే ఒక తేడా ఎప్పటికీ పోదు. గేములో రొట్టెముక్క పెడితే అడవి యజమాని దారి చూపిస్తాడని నియమం రాసి ఉంటుంది. తప్పు చేస్తే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అడవి అంచున రొట్టెముక్క పెట్టిన పశువుల కాపరికి తన ఆవు తిరిగి వస్తుందో రాదో తెలియదు. తెలియకపోయినా పెట్టాడు. ఆ తెలియకపోవడమే అతని మతంలో భక్తి ఉన్న చోటు. నియమం ఎంత చక్కగా రాసినా దాన్ని అందుకోలేదు.

గేములకు అందుబాటులో ఉండి కూడా ఇంకా సరిగ్గా చేరనిది చర్చి సాహిత్యం. మతగురువు గేముల్లో ఎక్కువగా మూర్ఖుడిగానో క్రూరుడిగానో కనిపిస్తాడు. మధ్యయుగపు రుస్‌లో దయ్యాల గురించి ఎంతో చమత్కారంగా, ఎంతో దగ్గరగా రాసినవాళ్ళు మాత్రం సన్యాసులే. కీవ్ గుహల మఠపు పునీతుల చరిత్రల్లో థియోడోర్ అనే సన్యాసి దయ్యాల చేత ధాన్యం విసిరిస్తాడు, దుంగలు మోయిస్తాడు. నొవ్‌గొరోద్ ఆర్చిబిషప్ ఇయోవాన్ గురించి 15వ శతాబ్దపు కథ ఇంకోటి ఉంది. రాత్రి ప్రార్థన వేళ ఆయన్ని బెదరగొట్టాలని ఒక దయ్యం చేతులు కడుక్కునే నీళ్ళపాత్రలో దూరి నీళ్ళు చిందిస్తుంది. ఆయన పాత్ర మీద సిలువ గుర్తు వేసి దాన్ని బంధిస్తాడు. వదిలిపెట్టడానికి వెల: ఆ ఒక్క రాత్రిలోనే యెరూషలేము తీసుకెళ్ళి తీసుకురావాలి. దయ్యం గుర్రమై మోసుకెళుతుంది, తెల్లవారేలోగా తిరిగి దింపుతుంది, ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని హెచ్చరిస్తుంది. ఆయన ఇంకెవరికో జరిగినట్టుగా చెప్పేస్తాడు. దయ్యం ఆయన గదిలో ఆడవాళ్ళ చెప్పులూ నగలూ జనం కంట పడేలా చేసి పరువు తీస్తుంది. ఊరు ఆయన్ని తెప్ప మీద కూర్చోబెట్టి వోల్ఖోవ్ నదిలోకి తోసేస్తుంది. తెప్ప ప్రవాహానికి ఎదురు సాగి ఆయన నిర్దోషి అని చాటుతుంది. కథ చివర గెలిచినవాడు పునీతుడే. అయినా దయ్యం ఒప్పుకున్న పని పూర్తిగా చేసింది, దాని హెచ్చరికను లెక్కచేయనందుకు పునీతుడు కూడా మూల్యం చెల్లించుకున్నాడు. దొమొవోయ్‌ను పిలవకుండా ఇల్లు మారిన రైతుకు వర్తించిన నియమమే ఆర్చిబిషప్‌కూ వర్తించింది. ఈ కథను రాసి భద్రపరిచింది చర్చి.